ఒక్క పానవట్టం మీద

ఊరంతా తెలంగాణ కోసం సమ్మె చేస్తుంటే, ఆ సమ్మె పుణ్యాన నాకు మాత్రం మొగుడు ఇంట్లో దొరికాడు.

మా పెళ్లి శ్రావణంలో అయింది. జనగామలో డిగ్రీ చదువుకున్న నేను భూపాలపల్లికి కోడలిగా వచ్చాను. ప్రతాప్ ఆర్టీసీలో కండక్టర్. చీకటితో లేచి ఖాకీ చొక్కా తొడుక్కుని పోయేవాడు. నేను వాకిట్లో నిలబడి చూసీ చూసీ విసిగిపోయాక వచ్చేవాడు. అన్నం ముందు కూర్చునే కునుకు తీసేవాడు. అలాంటి మనిషి, సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయిన పొద్దున, ఎండ వాకిట్లోకి దిగినా నా పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. అన్నం ఉడికితే ఈల వేసి "రైట్, రైట్" అంటాడు. అత్తమ్మ పొయ్యి దగ్గరికి వస్తే "జరుగుండ్రి, జరుగుండ్రి, ముందట శాన జాగ ఉన్నది" అంటూ నన్ను తన వైపు లాక్కుంటాడు.

"సిగ్గులేనోడా, మీ బాపు జూస్తడు" అనేది అత్తమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"చూడనియ్యే" అనేవాడు మామ అరుగు మీది నుంచి. "చూసుడొక్కటన్న ఉండనియ్యి నాకు. తాగుడైతె బందు జేస్తిరి."

తాగుడంటే నీళ్లు తాగడం. మామ పేరు సోమనర్సయ్య. వయసులో నర్మెట్ట నుంచి బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వరంగల్ దవాఖానలో మిషన్ మీద రక్తం శుద్ధి చేస్తేనే ప్రాణం నిలుస్తుంది. లోపలికి పోయిన నీరు బయటికి రాదు కాబట్టి డాక్టర్లు నీళ్లకు హద్దు పెట్టారు. రోజంతటికీ చిన్న గ్లాసెడు, అదీ మందులు మింగడానికి. అంతకు మించితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. అందుకే అత్తమ్మ బిందెలన్నీ లోపలింట్లో పెట్టి తలుపు దగ్గరికి వేసేది.

నేను గిన్నెలు తోముతుంటే మామ కళ్లు మూసుకుని వినేవాడు.

"బిడ్డా, నీ గాజుల చప్పుడు గూడ నీళ్ల చప్పుడు తీరుగనే ఉన్నదే. జర మెల్లగ తోము" అన్నాడొకసారి.

ఆ రోజంతా గాజులు మోచేతి దాకా తోసుకుని పనిచేశాను. నా గాజుల గురించి అంత అందమైన మాట ప్రతాప్ కూడా అనలేదు. అయినా ఆ మాట తలుచుకుంటే గొంతు ఎండిపోయేది.

సమ్మె లేనప్పుడు దవాఖాన సంగతి ఇంట్లో ఎవరికీ బరువనిపించలేదు. మామ కొడుకు బస్సులోనే ముందు సీట్లో కూర్చుని వరంగల్ పోయేవాడు, కొడుకు బస్సులోనే తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు ఆ కొడుకే డిపో ముందు టెంటు కింద కూర్చుంటున్నాడు.

"బాపు, నేనొక్కన్నన్న డ్యూటీకి పోతనే. పోలీసోళ్లను పెట్టి కొన్ని బండ్లు నడుపుతమంటున్నరు. వరంగల్ బండి ఎక్కుత" అన్నాడు ప్రతాప్ మొదటి వారంలోనే.

"పోయినవంటె ఈ ఇంట్ల అన్నం తినకు" అన్నాడు మామ. "నేను బాయిల సమ్మె జేసిన్నాడు నువ్వు మీ అవ్వ కడుపుల ఉంటివి. గంజి తాగి బతికినం గని లోపలికి దిగలే. సమ్మె అన్నంక ఒక్కడు దిగినా అందరు దిగినట్టే."

ఆ రోజు ప్రతాప్ ఉల్లిగడ్డలు చాలా సన్నగా కోశాడు.

మామకు నచ్చిన దేవుడు కాళేశ్వరం దేవుడు. కాదు, దేవుళ్లు. నేను ఆ గుడి చూడలేదన్నందుకు ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి కథ చెప్పాడు. ప్రతాప్ నా వెనక కూర్చుని నా జడ విప్పి అల్లుతున్నాడు. అల్లడం రాదు, చిక్కులు పడుతున్నాయి. నాకు నవ్వు ఆగడం లేదు.

"నవ్వుడు బందుజేసి ఇను. అక్కడ శివునికి ముక్తీశ్వరుడని పేరు. గోదాట్ల మునిగి ఆయన్ను జూసినోడల్లా సక్కగ కైలాసం పోవుడే. పాపం జేసినోడు, పుణ్యం జేసినోడు, అందరిది ఒక్కటే లైను. ఇగ యముని దగ్గరికి పోయేటోడెవడు? దుకాణం బందు. భటులు పేకాట ఆడుకుంట కూసున్నరు."

"పేకాట పురాణంల ఉన్నదా మామా?"

"నేను జెప్పే పురాణంల ఉన్నది. ఇగ యముడు పోయి శివుని ముందట ధర్నాకు కూసున్నడు. 'స్వామీ, పనిలేని కొలువు నాకెందుకు' అన్నడు. శివుడు సోంచాయించిండు. శివుడు మన మేనేజిమెంటు లెక్క గాదు, ఇనేటోడు. 'అయితె నా పక్కన్నే నువ్వు గూడ కూసో. ఒక్కటే పానవట్టం మీద నీదొక లింగం, నాదొక లింగం. వచ్చినోడు ముందుగాల నిన్ను మొక్కాలె, ఎనుక నన్ను. నిన్ను మొక్కకుండ నా దిక్కు వచ్చినోన్ని నువ్వు గుంజుకపో' అన్నడు. గంతే, సమ్మె ఖతం. యముని లింగం కాళేశ్వరుడు, శివునిది ముక్తీశ్వరుడు."

"ముక్తీశ్వరుని లింగానికి రెండు ముక్కు రంధ్రాలుంటయ్" అన్నాడు ప్రతాప్, జడ వదిలేసి. "ఎన్ని బిందెల నీళ్లు పోసినా నిండయ్. కిందికెంచి పోయి, గోదావరి ప్రాణహిత కలిసే కాడ తేల్తయంటరు."

మామ ఉబ్బిన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఎంత పోసినా నిండడు" అన్నాడు. "ఎంత అదృష్టమంతుడో సూడు."

అత్తమ్మ లోపలి నుంచి విసురుగా వచ్చింది. ఆమె పేరు వజ్రమ్మ. మాట కూడా అంత గట్టిదే. యముణ్ణి ఆమె ఎన్నడూ పేరు పెట్టి అనదు.

"ఆయన పేరు తియ్యకుమన్ననా లేదా? ఇంట్ల కొత్త కోడలున్నది."

"పేరు వెట్టి పిలిస్తె వచ్చేటోడైతె ఎప్పుడో వచ్చుండె గదనే."

"థూ, నీ నోట్ల మన్నుబడ" అని ఆమె లోపలికి పోయింది. లోపల బిందె మీద మూత సర్దిన చప్పుడైంది.

రాస్తారోకోలు మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. మా వాడకట్టులోనే ఉండే శ్రీపాల్‌కు పాత జీపు ఉంది. ఆ జీపులో ఒక పొద్దున మామను తీసుకుని నేనూ అత్తమ్మా బయలుదేరాం. ఊరి చివర చౌరస్తాలోనే ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. వంటావార్పు. డ్రైవర్లు, కండక్టర్లు రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తింటున్నారు. తలకు తువ్వాల చుట్టుకుని పెద్ద గరిటెతో పప్పు కలుపుతున్నది ఎవరో కాదు, ప్రతాప్. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. అయినా ఎంత బాగున్నాడో! జీపులో నన్ను చూసి, అంత మందిలో కన్ను కొట్టాడు కూడా. ఆ తర్వాతే అతనికి నా పక్కన మామ కనిపించాడు.

గరిటె అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చాడు. "జరుగుండ్రి, పేషెంటున్నడు, మా బాపు" అని అరిచాడు. వాళ్లంతా కలిసి మండుతున్న పొయ్యిని జరిపి దారి ఇచ్చారు. ఎవరో విస్తరాకులో అన్నం తెచ్చి మామ ఒళ్లో పెట్టారు. మామ పిడికిలెత్తి "జై తెలంగాణ" అన్నాడు.

కానీ మా ఊరి పొయ్యిలకు మేము తెలుసు, ముందటి ఊళ్ల పొయ్యిలకు తెలియదు. రేగొండ దగ్గర రోడ్డు నిండా ట్రాక్టర్లు. పరకాల దగ్గర ముళ్లకంప. ప్రతిచోటా అత్తమ్మ దిగి దండం పెట్టడం, ఎవరో ఒకరు కరిగి దారి ఇవ్వడం. దవాఖాన చేరేసరికి పొద్దు వాలింది. మామ వంతు మిషన్ మీద మరో మనిషి పడుకుని ఉన్నాడు. ఆయన వెనక ఇంకా జనం ఉన్నారు. ఎల్లుండి రమ్మన్నారు. ఎల్లుండి బంద్.

తిరిగి వస్తుంటే మామ సీటులో ఒరిగిపోయాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గురగుర.

"ఈ మనిషి పోయినంక వస్తదా ఏంది తెలంగాణ?" అంది అత్తమ్మ, శ్రీపాల్ ఏదో అన్నట్టు అతని వీపు వైపు చూస్తూ. "ఎవలికి దెస్తున్నరయ్యా మీరు?"

శ్రీపాల్ గేరు మార్చాడు. మామ కళ్లు తెరవలేదు. "నేనుంటెనే రావాల్నా ఏందే" అన్నాడు.

తర్వాత ఒకసారి ఊపిరి అందక 108 పిలిస్తే, వాళ్లు ఆక్సిజన్ పెట్టి తీసుకుపోయారు. మిషన్ దొరికింది. కానీ గుండె బలహీనపడిందని, ఇకముందు ఒక్క వంతు తప్పినా తమ చేతుల్లో ఉండదని డాక్టరమ్మ ప్రతాప్‌ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాట ప్రతాప్ నాకు చెప్పాడు, నేను అత్తమ్మకు చెప్పలేదు. ఆమె నన్ను అడగనూ లేదు. మామను మాత్రం ఎవరూ మోసం చేయలేకపోయారు. ఇంటికి వచ్చిన రోజు, "డాక్టరమ్మ మంచిది, పాపం, మొకం దాసుకునుడు రాదు" అన్నాడు.

కొత్త పెళ్లికూతురి మొదటి బతుకమ్మ పుట్టింట్లో ఆడాలి. జనగామకు బస్సు లేదు. నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే ప్రతాప్ అడవి అంచుకు పోయి, చేతులు పట్టనంత తంగేడు, గునుగు కోసుకొచ్చాడు. చొక్కా నిండా పసుపు పుప్పొడి. పండుగ చివరి రోజు, సద్దుల నాడు, నా నడుమెత్తు బతుకమ్మను పేర్చాం. మామ అరుగు మీది నుంచే వరసలు సరిచేయించాడు. "ఆ పక్కకు వంగిందే, మన డిపో గోడ లెక్క" అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ఆ సాయంత్రం ఆడవాళ్లందరితో చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, జీవితంలో ఇంత సంతోషం నాకెవరిచ్చారా అనిపించింది. అది నిజం. అరుగు మీద మామ గోడకు ఆనుకుని, పడుకోలేక కూర్చున్నదీ నిజమే.

మర్నాడు పొద్దున దవాఖానకని అందరం జీపెక్కాం. ప్రతాప్ కూడా టెంటుకు పోకుండా మాతో వచ్చాడు. చౌరస్తా దగ్గర మామ ముందుకు వంగి శ్రీపాల్ భుజం తట్టాడు.

"ఇటు వద్దు. అటు తిప్పు."

"అటేమున్నదే సోమన్నా? అటు కాటారం గద."

"కాటారం దాటినంక కాళేశ్వరం ఉన్నది. ఆ తొవ్వల ఎవ్వలు అడ్డం కూసోరు. అడివే ఉన్నది."

"బాపు, దవాఖాన?" అన్నాడు ప్రతాప్.

"దవాఖానకు ఎల్లుండి పోదం."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో! శ్రీపాల్ అద్దంలోంచి ప్రతాప్‌ను చూశాడు. ప్రతాప్ అత్తమ్మను చూశాడు. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "తిప్పు బిడ్డా. కొత్త జంటను గూడ దేవునికి చూపెట్టినట్టయితది" అంది. ఆమెకు అక్కడ పని ఉందని నాకప్పుడు తెలియలేదు.

మామ అన్నట్టే దారిలో ఎవరూ ఆపలేదు. వానలకు కడిగిన అడవి. టేకు చెట్ల తలల మీద ఇంకా తెల్లటి పూత. ప్రతాప్ నా కొంగు కింద నా చేయి పట్టుకున్నాడు. అతని చెయ్యి చెమటతో చల్లగా ఉంది. నేను గట్టిగా పట్టుకున్నాను.

సమ్మె కదా, గుడి ఖాళీగా ఉంది. రెండు పావురాలు, ఒక పూజారి. గోదావరి నుంచి మేము తెచ్చుకున్న చెంబులతో నేరుగా లోపలికి పోయాం. మామ చెప్పినట్టే ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు, ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా.

"ముందు కాళేశ్వరునికి, తర్వాత ముక్తీశ్వరునికి" అన్నాడు పూజారి. "చెంబులో సగం ఇక్కడ, సగం అక్కడ పోయండి."

అత్తమ్మ ముందుకు పోయింది. పేరు పలకడానికే భయపడిన దేవుడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెంబు వంచి పోస్తూనే ఉంది. సగం దాటింది, ఆపలేదు. చివరి చుక్క కూడా ఆ లింగం మీదే దులిపింది.

"అమ్మా, ముక్తీశ్వరునికి ఉంచాలి కదా" అన్నాడు పూజారి.

"ఆయనతోని నాకు పనిలేదయ్యా."

"అట్లా అనకూడదు తల్లీ. ఇద్దరినీ కొలిస్తేనే ఫలం."

"నాకు ఫలమొద్దు. ఈ ఒక్కాయన మా ఇంటి తొవ్వ మరిస్తె చాలు."

మామ విన్నాడు. ప్రతాప్ చంకల కింద చేతులు పెట్టి కూర్చోబెడితే, కాళేశ్వరునికి ఉత్త చేతులే జోడించాడు. "నీకు మా ఇంటామె పోసింది గద" అని చిన్నగా నవ్వాడు. తన చెంబు నీళ్లన్నీ ముక్తీశ్వరుని లింగంలోకి పోశాడు. నీరు గుటగుటమంటూ లోపలికి దిగింది. పైకి రాలేదు.

"ఇంకొక చెంబు" అన్నాడు.

ప్రతాప్ గుళ్లోని గాబు నుంచి ముంచి ఇచ్చాడు. అదీ దిగింది. మళ్లీ అడిగాడు. మామ లింగం మీదికి వంగి, చెవి దగ్గర పెట్టి ఆ నీటి చప్పుడు విన్నాడు. ఎక్కడో కిందికి, ఇంకా కిందికి పోతున్న చప్పుడు. అతని ముఖం అంత తేటగా ఉండడం నేను ఆ ఇంటికి వచ్చాక చూడలేదు.

"సరే, దంపతులు చెరొకటి. ఇద్దరిదీ కలిపి ఒక అభిషేకం అనుకుందాం" అని పూజారి సర్దిచెప్పుకుని విభూతి ఇచ్చాడు.

కలపడానికి ఆ రెండు మొక్కులూ ఒకటి కావు. అత్తమ్మకు అది అర్థమైందని ఆమె చేతిలో వంగిన ఖాళీ చెంబు చెప్పింది. మామ నుదుటి మీది నుంచి కంట్లోకి జారుతున్న విభూతిని ఆమె కొంగుతో తుడిచింది.

మేమిద్దరం మాత్రం పద్ధతి ప్రకారం సగం ఇక్కడ, సగం అక్కడ పోశాం. పెళ్లయిన కొత్త, అడగడానికి ఎన్ని ఉండాలి! నాకు ఒక్కటీ గుర్తురాలేదు.

గుడి నుంచి ఘాట్‌కు వచ్చాం. గోదావరి ఎర్రగా, అవతలి ఒడ్డు ఆననంత నిండుగా ఉంది. మామ చివరి మెట్టు మీద కూర్చుని ఉబ్బిన కాళ్లు నీళ్లలో పెట్టాడు. కాసేపు ఊరికే చూశాడు. తర్వాత రెండు చేతులా ముంచుకుని తాగాడు.

ప్రతాప్ ఒక మెట్టు దిగాడు. అక్కడే ఆగాడు. అత్తమ్మ చెయ్యి పైకి లేచింది, గాలిలో కాసేపు ఉంది, ఒళ్లోకి వచ్చింది.

మామ మళ్లీ ముంచుకున్నాడు. మళ్లీ. గడ్డం నుంచి, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరో తరుముతున్నట్టు కాదు, పొలం నుంచి వచ్చిన మనిషి ఇంట్లో కూర్చుని తాగినట్టు, తీరికగా తాగాడు.

"ఎంత సల్లగున్నయే" అన్నాడు వెనక్కి తిరిగి. "నువ్వు గూడ తాగు."

అత్తమ్మ మెట్లు దిగి పోయి పక్కన కూర్చుంది. చెంబు పక్కన పెట్టి, అతనిలాగే రెండు చేతులా ముంచుకుని తాగింది.

మామ చెప్పిన ఎల్లుండి వచ్చింది. ముందురోజు దసరాకు జమ్మి ఆకు పట్టుకుని వచ్చిన వాళ్లందరినీ పేరు పేరునా పలకరించాడు. ఆ పొద్దున మాత్రం పలకలేదు.

పెద్దకర్మ నాడు టెంటు కింది వాళ్లంతా వచ్చారు. భోజనాల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. యూనియన్ పెద్దమనిషి అత్తమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సమ్మె వాయిదా ఏసినం, అక్కా. బస్సులు నడుస్తయ్ ఇగ."

"వచ్చిందా తెలంగాణ?"

"రాలే అక్కా. వస్తదంటున్నరు."

అత్తమ్మ తల ఊపింది. ఆయన విస్తరిలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. "తిను నాయిన" అంది.

ప్రతాప్‌కు పడిన మొదటి డ్యూటీ కాళేశ్వరం బస్సు. అస్థులు ఇంకా కలపలేదు. ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండను ఒళ్లో పెట్టుకుని కండక్టర్ సీట్లో కూర్చుని పోయాడు. అత్తమ్మను రమ్మన్నాడు. "ఆ పక్కపక్కన కూసున్నోళ్ల మొకం నేను సూడ" అని ఆమె కదలలేదు.

సాయంత్రం అతను వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. ఖాకీ చొక్కాలో చూసి నా ఒళ్లు ఇంకా పులకరిస్తుంది, ఏం చేయను. చేతిలో సంచి అందుకున్నాను.

"కలిపినవా?"

"కలిపిన."

"గుళ్లెకు పోయినవా?"

అతను చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. "బస్సు ఆగి ఉండె. టైమున్నది. గుళ్లెకు గూడ పోయిన. ఆ రెండిటి ముందట నిలబడ్డ. చెంబుల నీళ్లు గూడ ఉన్నయ్. ముందుగాల ఎవలికి పొయ్యాల్నో తెల్వలే, శోభా. డ్రైవరు హారన్ కొట్టిండు. చెంబు ఆడనే వెట్టి వచ్చిన."

లోపల పొయ్యి ముందు అత్తమ్మ కట్టె ఎగదోసింది.

"ఎవలికి పొయ్యకు బిడ్డా" అంది, మంట వైపే చూస్తూ. "కాళ్లు గడుక్కొని రా. అన్నం సల్లారుతది."